చేతికి తొడుక్కున్న ఆయిల్ సీలు

నా చిన్నప్పుడు, పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, ఒక పడవ నిండా మనుషులు నా వల్ల ఏట్లో మునిగిపోతారని ఒక పూటంతా వణికిపోయాను. మేముండేది నాంపల్లిలో, స్టేషను వెనక గల్లీలో. అక్కడ పడవేమిటి అంటారేమో. మా తాత, అంటే మా అమ్మ వాళ్ల నాయన, డీజిల్ ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ. ఇంటి ముందున్న రేకుల షెడ్డే ఆయన కార్ఖానా. కృష్ణ ఒడ్డున రేవు పడవ నడిపే ఒకాయన, ఇంజనులో నూనె నిలవడం లేదని, దాన్ని విప్పి లారీలో వేసుకుని మా తాత దగ్గరికి వచ్చాడు. సాయంత్రం అదే లారీలో తిరిగి పోవాలి.

ఇంజనులో తిరిగే ఇరుసు బయటికి వచ్చే చోట, నూనె కారకుండా ఒక రబ్బరు రింగు ఉంటుంది. దాన్ని ఆయిల్ సీలు అంటారు. అది ఎండి చిట్లిపోయింది. కొత్తది కొనడానికి తాత నన్ను వెంటబెట్టుకుని ఆబిడ్స్ దాకా నడిచాడు. ఆ సైజుది దుకాణంలో ఒక్కటే ఉంది. ఇంకొకటి కావాలంటే బొంబాయి నుంచి రావాలి, వారం పడుతుంది అన్నారు. తాత దాన్ని తిప్పి నాకు లోపలి అంచు చూపించాడు. రబ్బరు చుట్టూ గాడిలో సన్నని స్ప్రింగు ఒకటి దండలా కూర్చుని ఉంది. రబ్బరును ఇరుసుకు అదిమి పట్టేది అదేనట, అది లేకపోతే సీలు ఉన్నా లేనట్టేనట. కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. తనకు ఇంకో దుకాణంలో పనుందని నన్ను ముందు ఇంటికి పొమ్మన్నాడు.

నాకు గాజులంటే ప్రాణం. మా ఇంట్లో పండక్కి తప్ప కొనేవాళ్లు కాదు. కాగితం విప్పి చూస్తే అది నల్లగా నిగనిగలాడుతోంది. తొడుక్కున్నాను. పట్టకపోతే బలవంతంగా తోశాను. రోడ్డు మీద అందరూ నన్నే చూస్తున్నారనుకుంటూ చెయ్యి ఊపుకుంటూ నడిచాను. షెడ్డు ముందుకొచ్చి తీసి చూస్తే గాడి ఖాళీగా ఉంది. స్ప్రింగు లేదు.

వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తాను. ఎక్కడ చూసినా రిక్షాలు, జనం కాళ్లు, దుమ్ము. అంత సన్నని తీగ ఎక్కడని దొరుకుతుంది. ఇంటికొచ్చి సీలును మళ్లీ కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చున్నాను.

పడవాయన అమ్మమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ, ఎవరూ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు. పోయిన వారం నూనె అంతా కారిపోయి నడి ఏట్లో ఇంజను పట్టేసిందట. పడవ నిండా జనం, అందులో ఒక పచ్చి బాలింత. నీళ్లు ఈడ్చుకుపోతుంటే ఏదో బండరాయికి తగులుకుని ఆగారట. నవ్వుతూనే చెప్పాడు గానీ, చాయ్ సగంలోనే పక్కన పెట్టేశాడు. ఆ బాలింతను నేను చూడనైనా లేదు. కానీ ఆమె, ఆమె ఒళ్లో పసిగుడ్డు, నా కళ్ల ముందు నీళ్లలో కొట్టుకుపోతూ కనబడ్డారు. చెబుదామని లేచి, మళ్లీ డ్రమ్ము పక్కనే కూర్చున్నాను.

తాత వచ్చాడు. పాత సీలును పీకాడు, ఇరుసును శుభ్రంగా తుడిచాడు. కొత్తదాన్ని తీసి, కళ్లు మూసుకుని గోటితో లోపల చుట్టూ తడిమాడు. చెయ్యి ఆగిపోయింది. ఒకసారి కాగితం వైపు చూశాడు, ఒకసారి నా మణికట్టు వైపు చూశాడు. అక్కడ నల్లటి మరక చుట్టూతా ఉంది. చూపు తిప్పేసుకుని, స్ప్రింగు ఎక్కడో జారిపోయిందని, తప్పు తనదేనని పడవాయనకు చెప్పాడు.

పడవాయన లేచి నిలబడ్డాడు. "నీయంత మేస్త్రీ లేడంటే ఇంత దూరం మోసుకొచ్చాను పెద్దాయనా. కళ్లు ఆననప్పుడు ఇంట్లో కూర్చుని మనవరాళ్లను ఆడించుకోవచ్చుగా," అన్నాడు.

తన పనిని ఒక్క మాట అంటే ఊరుకోని మనిషి మా తాత. ఆ రోజు తల వంచుకుని గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఇప్పుడు నన్ను చూపిస్తాడు, ఇప్పుడు చూపిస్తాడు అని ఎదురుచూశాను. చూపించలేదు. తన్నులు తినడమే నయమనిపించింది. లేచాను.

"నేను తొడుక్కున్న తాతా. గాజు లెక్క. తొవ్వల పడిపోయింది."

"ఔ బిడ్డా, నాకెరుకే."

"మరి నన్నెందుకు అడగలే?"

"నేనడిగితే నువ్వు భయానికి అబద్ధమాడుదువు. ఒక్కపాలి ఆడినంక దాన్నే పట్టుకోని ఉండాలె గదా," అన్నాడు, మామూలుగా, పానా అడిగినంత మామూలుగా.

తర్వాత పాత సీలులోంచి స్ప్రింగు తీశాడు. అది సాగి వదులుగా ఉంది. అతుకు దగ్గర విప్పి, ఒక కొస నుంచి రెండు చుట్లు కత్తిరించి, రెండు కొసలనూ ఒకదానిలో ఒకటి మర తిప్పినట్టు బిగించి, కొత్త రబ్బరు గాడిలో కూర్చోబెట్టాడు. నూనె రాసి, ఇరుసు మీదికి ఎక్కించి, చెక్కముక్క అడ్డం పెట్టి చుట్టూ మెల్లగా కొట్టాడు. ఇంజను కింద తెల్ల కాగితం పరిచి నన్ను దాని ముందు కూర్చోమన్నాడు.

"ఒక్క చుక్క పడ్డా చెప్పు. నా మీది ప్రేమతోటి దాచకు."

గంటసేపు ఇంజను నడిచింది. రేకులు దడదడలాడుతున్నాయి, నేను రెప్ప వేయడం లేదు. ఒకసారి టప్పున చుక్క పడింది. ప్రాణం పోయినంత పనైంది, అయినా వెంటనే అరిచి చెప్పాను. తాత వచ్చి వేళ్ల మధ్య రుద్ది చూసి, ఇంజను వేడెక్కకుండా డ్రమ్ము నుంచి పెట్టిన గొట్టం నీళ్లే అన్నాడు. ఆ తర్వాత ఇంకేమీ పడలేదు. లారీ ఎక్కేటప్పుడు పడవాయన మా తాతకు రెండు చేతులూ జోడించాడు. నా వైపు తిరిగి, "మా రేవుకు రా పిల్లా, పడవ ఎక్కిస్తా. నా ఇంజను జోలికి మాత్రం రాకు," అన్నాడు.

ఆ భయం అక్కడితో పోలేదు. ఆ వానాకాలమంతా గల్లీలో లారీ ఆగితే వాకిట్లోకి పరుగెత్తి చూసేదాన్ని. పడవాయన మళ్లీ రాలేదు. బాగుచేసిన ఇంజను మళ్లీ రాకపోతే అది నడుస్తున్నట్టేనని తాత అనేవాడు.

మా ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయన పోవడానికి నాలుగేళ్ల ముందు ఇంకో సంగతి జరిగింది. నాకు చదువు రాదు, రంగు చూసి మాత్రలు ఇచ్చేదాన్ని. ఒక పొద్దున చక్కెర జబ్బు మాత్ర రెండుసార్లు ఇచ్చేశాను. ఆయనకు చెమటలు పట్టాయి, మాట తడబడింది. దవాఖానకు ఆటోలో పోతుంటే, కొడుకు ఏమంటాడో, కోడలు ఏమంటుందో, గమ్మున ఉంటే ఎవరికి తెలుస్తుంది అని మనసు పీకుతూనే ఉంది. డాక్టరమ్మ ఇంకా ఏమీ అడగలేదు. అందరి ముందే, "మాత్ర రెండుసార్లు నేనే ఇచ్చిన అమ్మా," అన్నాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, గబగబా గ్లూకోజు సూది తెమ్మంది. సాయంత్రానికి ఆయన లేచి కూర్చుని చాయ్ అడిగాడు.

ఇప్పటికీ తప్పు ఒప్పుకోవాలంటే నాకు భయమే. అయినా ఎవరైనా అడిగేదాకా ఆగను. ఆగి ఉంటే, ఆయనతో ఆ నాలుగేళ్లు నాకు ఉండేవి కావు.