కొత్త సెడానుకు మా ఇంటి సలహా

బీటెక్ మెకానికల్ చదివి కార్ల సీట్లకు కవర్లు కుట్టే షాపులో చేరాను. చదువంతా వృథా పోయిందని బంధువులు బాధపడతారు. నాకంత బాధ లేదు. ఆ చదువులో వృథా పోయేంత నేర్చుకున్నది పెద్దగా లేదు.

షాపు ఆటోనగర్‌లో. ఓనరుది గుణదల. మేరీ మాత తిరునాళ్ల రోజుల్లో తప్ప షాపు మూసి ఎరుగడు. ఒక ఏప్రిల్ ఉదయం ఆయన ఏదో కార్ల షోరూమ్ నుంచి మంచి హుషారుగా వచ్చాడు.

"కొత్త సెడాన్ దిగుతోందంట బాబూ. మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. కంపెనీ పంపించేది బోడిగా ఉందని మేనేజరు గారి బాధ. పైనా లోపలా ఏం మారిస్తే బాగుంటుందో రాసిమ్మన్నారు. మనది నచ్చితే అమ్మే ప్రతి బండికీ మనమే చేస్తాం. నువ్వు ఇంజినీరువి కదా, రాయి."

నేను ఇంజినీరునని ఆయనకు గుర్తొచ్చేది రాతపని ఉన్నప్పుడే.

కూర్చుని రాశాను. డిక్కీ మీద స్పాయిలర్ పెట్టమన్నాను. వేగానికి బండి గాల్లోకి లేవకుండా అది అదిమిపెడుతుందట. సాయంత్రం ఆరింటికి రామవరప్పాడు రింగులో బండిని లేపగలిగే గాలేదైనా ఉంటే ముందు నన్ను లేపి ఇంటి దగ్గర దించమనేవాణ్ణి. అయినా రాశాను, కుర్రాళ్లు అడుగుతారు. పైకప్పుకు అద్దాల కిటికీ ఉందన్నారు కాబట్టి దానికి లోపల మందపాటి తెర రాశాను. మే నెలలో బెజవాడ ఎండకు ప్రత్యేకంగా దారి ఇవ్వనక్కర్లేదు. డాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మకు అరచేయంత చదును చోటు రాశాను. ఆ బండి గీసినవాళ్లెవరో గానీ డాష్‌బోర్డును జారుడుబల్లలా గీశారు. దుర్గమ్మ అయినా మేరీ మాత అయినా మొదటి బ్రేకుకే ఒళ్లోకి వచ్చేస్తారు. తలుపు గూట్లో లీటరు సీసా పట్టాలన్నాను. వెనక సీట్లో ముసలివాళ్లు పట్టుకుని లేవడానికి గట్టి పిడి ఉండాలన్నాను.

చివర్లో ఒక మాట రాశాను. సీట్లకు చేనేత గుడ్డ.

ఇది మా నాన్న కోసం. మాది కూచిపూడి దాటాక వచ్చే ఒక నేతపల్లె. వీధంతా మగ్గాలే ఉండేవి. ఇప్పుడు మా నాన్నది ఒక్కటే ఆడుతోంది. ఆయన చీరలు తీసుకునే వన్ టౌన్ హోల్‌సేల్ కొట్టువాళ్లు ఆ ఉగాది వెళ్లాక ఇక తేవద్దని చెప్పేశారు. మర్యాదగానే చెప్పారు, టీ కూడా ఇప్పించారు. నాన్న ఇంటికి వచ్చి, చేతిలో ఉన్న పని అయ్యేలోపు ఇంకో ఆధారం దొరక్కపోతే మగ్గం ఎత్తేస్తానన్నాడు. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె వంకాయలు తరుగుతూ, "ఎత్తేశాక ఆ గదిలో మంచం వేసుకోవచ్చు" అంది. కాసేపటికి చూస్తే వంకాయలన్నీ ముచ్చికలతో సహా తరిగేసి ఉన్నాయి.

నా జాబితా చదివి మేనేజరు ఆ చివరి మాట దగ్గరే ఆగాడని ఓనరు ఫోన్ చేశాడు. ఒక బండికి నమూనా కుట్టి చూపించమన్నారట. ఆ సాయంత్రం బస్సెక్కి ఊరికి వెళ్లి నాన్నకు చెప్పాను.

"కారు సీటుకా?" అన్నాడు. "అంటే మీద కూర్చుంటారా?"

"సీటంటే అంతేగా నాన్నా."

"కట్టుకునే గుడ్డరా అది."

"వీళ్లు కట్టుకోరు. కూర్చుంటారు. ఎటూ ఒంటికి తగిలేదే."

ఆయన మగ్గం మీది గుడ్డను అరచేత్తో నిమిరాడు. తరువాత బండికి ఎంత గుడ్డ పడుతుందని అడిగాడు. పన్నెండు మీటర్లు చాలన్నాను. ఆయన నలభై మీటర్లకు పడుగు వేశాడు. ఎందుకంత అంటే, "వాళ్లకు నచ్చాక మళ్లీ మొదటినుంచి ఎవడు వేస్తాడు" అన్నాడు. మా నాన్న ఆశపడటం నేను చూసింది అప్పుడే. చూడటానికి పొదుపులా ఉంటుంది.

పడుగుకు గంజి పెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. తెల్లారకముందే వీధి పొడవునా దారాలు సాచి, అటూ ఇటూ మనుషులు నిలబడి గంజి పట్టిస్తూ కుంచెలతో దువ్వాలి. ఎండెక్కేలోపు ముగించాలి. ఒకప్పుడు పిలవకపోయినా పదిమంది వచ్చేవారట. ఆ రోజు మేం నలుగురం. నాన్న, అమ్మ, నేను, నడుం పట్టేసిన ఎదురింటి పెదనాన్న. పెదనాన్న వంగలేడు కాబట్టి కొసన కట్టిన తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"నన్ను గుంజకు బదులు పెట్టుకున్నార్రా" అన్నాడు.

"గుంజ మాట్లాడదు పెదనాన్నా" అన్నాను.

"గుంజకు కాఫీ కూడా పొయ్యక్కర్లేదు. మీ అమ్మకు చెప్పు, నాకు పొయ్యాలి."

ఒక చేయి గంజి పట్టించాక నాన్న రెండోసారి కూడా పట్టించమన్నాడు. అంత దేనికని అమ్మ అడిగింది. "రోజూ పదిమంది ఎక్కి దిగేది. బిగువుగా నిలబడాలి" అన్నాడు. గంజి సంగతి ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. కారు సంగతి నాకు తెలిసినంత ఆయనకు తెలియదు. ఇద్దరం ఒకరినొకరు నమ్ముకున్నాం.

ముదురు ఎరుపు మీద ఆవపసుపు అంచు. పన్నెండు మీటర్లు నేసి కోసి ఇచ్చాడు. దాన్ని షాపుకు తెచ్చి నేనే కత్తిరించాను, నేనే కుట్టాను. ముందు సీట్ల పక్కభాగం దగ్గర చిన్న చీటీ కుట్టి ఉంది, ఎయిర్‌బ్యాగ్ అని. ప్రమాదం జరిగితే సీటు లోపలి నుంచి ఆ పక్కగా సంచి ఉబ్బి బయటికి రావాలి. అందుకే అలాంటి సీట్లకు ఆ పక్కన కవరు తెరిచి ఉంచాలి, లేదా తేలిగ్గా తెగిపోయే దారంతో కుట్టాలి. ఈ సంగతి నాకు తెలుసు. తెలియదని రాస్తే బాగుండేది.

సరిగ్గా ఆ చోటికే అంచు వచ్చింది. నిలువునా, ఒక్క గీత వంకర లేకుండా. దాన్ని కోయబుద్ధి కాలేదు. ముందు ఒప్పుకోనీ, తరువాత సరిచేద్దాం అనుకుని గట్టి దారంతో మొత్తం మూసి కుట్టేశాను. ఓనరు చూసి, "పెళ్లిపీటలా ఉందయ్యా" అన్నాడు.

చూపించే రోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి బస్సుకే వచ్చాడు. మేనేజరు పదింటికి రమ్మని, తాను మూడింటికి వచ్చాడు. అంతసేపూ కారు షోరూమ్ వెనక ఆవరణలో ఎండలో ఉంది, అద్దాలన్నీ మూసి. నాన్న లోపలి సోఫాలో కూర్చోనన్నాడు. సోఫా గుడ్డ వేలితో రుద్ది చూసి, "మిల్లుది" అని నిలబడే ఉన్నాడు.

మేనేజరు తలుపు తీసి, తల లోపలికి పెట్టి, వెంటనే బయటికి తీశాడు.

"బాస్, ఎవరో లంచ్ బాక్స్ మర్చిపోయారు ఇందులో."

నేను నేల చూశాను. ఓనరు ఆకాశం చూశాడు. నాన్న ముందుకు వచ్చి వాసన చూసి, ముఖం వెలిగించుకుని చెప్పాడు. "గంజి అండి. రెండు చేతులు పట్టించాను."

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. మేనేజరు మంచివాడు. ఏసీ వేయించి, కాసేపాగి మళ్లీ తొంగి చూశాడు. "నేచురల్ కదండీ. వాసన వాష్ చేస్తే పోతుంది. లుక్ మాత్రం వేరే ఏ షోరూమ్‌లోనూ లేదు" అన్నాడు. ఫోటో తీస్తాను కూర్చోమని నాన్నను అడిగాడు. నాన్న చెప్పులు బయట విడిచి ఎక్కాడు. తాను నేసిన గుడ్డ మీద ఆయన కూర్చోవడం అదే మొదలు. పూర్తి బరువు వేయకుండా అంచున కూర్చున్నాడు. ఫోటోలో లేవబోతున్నవాడిలా ఉంటాడు.

అప్పుడు సర్వీసు విభాగం నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఆమె కూడా మెకానికలే చదివిందట. తేడా ఏమిటంటే ఆమె దాన్ని వాడుతోంది. వచ్చీ రాగానే సీటు పక్కన చెయ్యి పెట్టి తడిమింది.

"ఇక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉందండీ. యాక్సిడెంట్ అయితే ఈ పక్కనుంచి చీల్చుకుని రావాలి. ఈ గుడ్డ చిరుగుతుందా?"

ఆమె నన్ను అడిగింది. నాన్న చెప్పాడు.

"చిరగదమ్మా."

"అంటే, గట్టిగా లోపలి నుంచి తంతే..."

"ఎవరు తన్నినా చిరగదు." కారు దిగి, మిగిలిన ముక్క ఒకటి సంచిలోంచి తీసి రెండు చేతులా లాగి చూపించాడు. "నలభై ఏళ్లుగా నేస్తున్నాను. చిరిగిందని ఒక్కరూ తిరిగి తేలేదు. మీకు అనుమానంగా ఉంటే ఇంకా దగ్గరగా నేస్తాను."

మేనేజరూ ఆ అమ్మాయీ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపును నాన్న మెప్పనుకున్నాడు. ఇంకోసారి లాగి చూపించాడు.

పక్క కుట్టు తీసేసి పల్చటి దారం వేస్తానని నేను అన్నాను. ఆ అమ్మాయి కాదనలేదు. అయితే గుడ్డను ల్యాబ్‌లో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తేవాలంది. ఎక్కడ అంటే, ఈ రాష్ట్రంలో కాదంది. ఒక్క మగ్గం గుడ్డకు అలాంటిది ఎవరైనా ఇస్తారా అంటే మేనేజరును చూసింది. ఆయన వాచీ చూసుకుని, "ఫస్ట్ టైమ్ కదా, నెక్స్ట్ మోడల్‌కి ట్రై చేద్దాం" అన్నాడు.

బస్టాండుకు ఆటోలో వెళ్తుంటే నాన్న అడిగాడు. "ఏమన్నారు చివరికి?"

"చిరగదని వద్దన్నారు."

ఇలాంటివి నేను మామూలుగా నవ్వించడానికి అంటాను. ఆయన నా ముఖం చూసి ఇది అలాంటిది కాదని తెలుసుకున్నాడు.

"చిరిగే గుడ్డ కావాలని ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. "నేసేవాణ్ణి కాదు."

ఆ సంగతి నాకు ముందే తెలుసని అప్పుడు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

నా జాబితాలో స్పాయిలర్ తీసుకున్నారు. సీట్లకు లేత గోధుమరంగు రెక్సిన్ ఖాయం చేశారు, సర్టిఫికెట్‌తో సహా వచ్చేది. బిగించే పని మా షాపుకే ఇచ్చారు. ఓనరు సంతోషించాడు. వారానికి నాలుగు బండ్లకు నా చేతులతోనే తొడుగుతున్నాను. తరువాతిసారి ఊరికి వెళ్లినప్పుడు నాన్న అడిగితే ఒక ముక్క పట్టుకెళ్లాను. వెలుతురుకు పెట్టి చూశాడు, నీళ్లు చల్లి చూశాడు, తిరగేసి గోటితో గీకాడు. దేన్ని చూస్తున్నావని అడిగితే, "ఎక్కడ మొదలుపెట్టారో చూస్తున్నా" అన్నాడు. కనిపించలేదు. తిరిగి నా చేతిలో పెట్టాడు.

మగ్గం మీద ఇంకా ఇరవై ఎనిమిది మీటర్ల పడుగు మిగిలి ఉంది. అమ్మ అక్కడికక్కడే కోసేయమంది. కొనేవాళ్లు లేని గుడ్డకు నూలు తగలేయడం ఎందుకని ఆమె లెక్క. నాన్న వినలేదు. రోజూ పొద్దున్నే కూర్చుని, అదే ఎరుపు, అదే అంచు, మొత్తం నేశాడు. నేతలో ఎక్కడా తొందర లేదు, విసుగు లేదు. నేను వెతికాను. తప్పు దొరికితే కొంచెం తేలిక పడేవాణ్ణి.

అది పూర్తయిన రోజు ఫోన్ చేసి, మగ్గం విప్పడానికి ఇద్దరు కావాలి, రమ్మన్నాడు. అదో పెద్ద పని అనుకుని రోజంతా సెలవు పెట్టి వెళ్లాను. అందులో ఇనుము లేదు, మరలు లేవు. చెక్క చీలలు, తాళ్ల ముళ్లు. ఆయన ఒక్కో ముడి విప్పుతుంటే నేను కర్రలు అందుకుని గోడకు చేరవేశాను. అరగంట పట్టింది.

తిరుగు బస్సు సాయంత్రానికి గానీ లేదు. అప్పటిదాకా ఏం చేయాలో మా ఇద్దరికీ తెలియలేదు.