అరవై శాతం వాన

నేను గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. నాకు సరిగ్గా రానిదేమిటో పిల్లలకు పరీక్షల నాటికి గానీ తెలియదు. మా పిన్నికి మాత్రం రెండో ప్రశ్నకే తెలిసిపోయింది.

ఆ రోజు పొదిలి దగ్గర వాళ్ల ఊళ్లో ఉన్నాను. ఏడాది కష్టమంతా మిరపకాయలై, ఇంకా పచ్చి ఆరక, కల్లంలో పరిచి ఉంది. పొద్దున్నే పడమట మబ్బు పట్టింది. వాన పడితే కాయ బూజు పడుతుంది. పోనీ రాశి పోసి పట్టా కప్పితే, వాన రాకుండా ఎండ కాసిందా, లోపల ఉడికి తెల్లబడి తాలైపోతుంది. తాలును కొనేవాడు దాని మొహం కూడా సరిగా చూడడు.

"ఫోన్ చూడరా, ఏమంటంది?" అంది పిన్ని.

"అరవై శాతం వాన."

"అంటే? కల్లంలో అరవై పాళ్ల మీదే పడిద్దా?"

నాలోని మాస్టారు నిద్ర లేచాడు. కంప్యూటరు ఆకాశాన్ని గళ్లు గళ్లుగా కోసుకుంటుందనీ, ఒక్కో గడిలో గాలి, వేడి, తేమ వేసుకుని అవి గంట తర్వాత ఎలా ఉంటాయో లెక్క కడుతుందనీ చెప్పాను. "కొలతలు ఎప్పుడూ కాస్త అటూ ఇటూగానే ఉంటాయి పిన్నీ. అందుకని వాటిని రవ్వంత మార్చి మార్చి, అదే లెక్క పదిసార్లు చేసిందనుకో. ఆరుసార్లు వాన వచ్చింది, నాలుగుసార్లు రాలేదు. అదీ అరవై."

"గడి ఎంతుంటది?"

"మన ఊరూ పక్క ఊరూ కలిపి ఒకటే."

"అయితే మన కల్లం దానికి కనపడదు. దానికీ తెలీదు, నీకూ తెలీదు. ఈ మాట చెప్పడానికా అంత చదువు చదివావు?"

చదివాను. కొన్ని పేపర్లయితే రెండేసిసార్లు చదివాను.

పిన్ని కూలీల చేత పది రాశులు పోయించి, ఆరింటికి పట్టాలు కప్పించింది.

"ఈ లెక్క అలా వాడకూడదు పిన్నీ. వాన వస్తే పదింటి మీదా వస్తుంది, లేకపోతే దేని మీదా రాదు."

"నువ్వయితే ఏం చేస్తావు?"

"ఇంకోసారి ఫోన్ చూస్తాను."

కూలీలు పని ఆపి మరీ నవ్వారు.

వాన రాలేదు. మధ్యాహ్నానికి ఎండ పేలింది. పిన్ని ఒక పట్టా కిందికి చేయి దూర్చి, చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కుంది. అందరం పరుగున పట్టాలు లాగేసి కాయ పరిచాం. కప్పని నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి. కప్పినవాటిలో రెండు రాశుల అడుగు తెల్లబడింది.

"పదీ కప్పి ఉంటేనా..." అని నేను సిద్ధాంతం మొదలుపెట్టబోతే, పిన్ని నా చేతిలో బుట్ట పెట్టింది. "తాలు ఏరు."

తుమ్ముకుంటూ సాయంత్రం దాకా ఏరాను. పిన్ని వచ్చి బుట్టలో చేయి పెట్టి కెలికి, "ఇందులో సగం మంచి కాయే" అని, మొత్తం మళ్లీ నా ముందే కుమ్మరించింది.