ఉలవ కల్లంలో రేసు కారు

ఎనభైల్లో వరంగల్‌లో కారున్నవాళ్ళే తక్కువ. ఆ ఉన్న కారును రేసుకు తీసుకుపోదామనుకున్న పిచ్చోణ్ణి నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఇంకెవరైనా ఉంటే వాళ్ళకో దండం.

నాది మూడు చేతులు మారిన పాత కారు. నాన్న పెట్టిన బట్టల దుకాణంలో ముప్పై ఆరేళ్ళ వయసుకే మీటరు కర్ర పట్టుకుని ముసలివాణ్ణైపోతున్నానని నాకు ఒకటే దిగులు. మద్రాసు దగ్గర జరిగే రేసుల్లో ఎవరి కారుతో వాళ్ళు దిగొచ్చని ఇంగ్లీషు పత్రికలో చదివాను. చచ్చేలోగా ఇదొక్కటి చెయ్యాలని పట్టుపట్టాను. వెనక సీటు బరువని పీకేసి ఇంట్లో పడేస్తే, మా ఆవిడ దాని మీద తీరిగ్గా కూర్చుని, "కారెటన్న పోనీ, గీ సీటు మాత్రం ఈడనే ఉండనీ" అంది.

కారు బాగుచేసే భాయ్ రాకుండా నేను మద్రాసు పోలేను. ఆయన ఒకటే షరతు పెట్టాడు.

"ఇరవై రౌండ్లు ఆగకుంట కొట్టు సేఠ్. ఇంజన్ మరగొద్దు. గప్పుడు మద్రాస్ ముచ్చట మాట్లాడుదాం. లేకుంటె నేను రాను."

ఊరి బయట విమానాలు రావడం మానేసిన రన్‌వే ఉండేది. ఆ చివర ఒక డ్రమ్ము, ఈ చివర ఒక డ్రమ్ము పెట్టి, ఆదివారాలు వాటి చుట్టూ తిరిగేవాణ్ణి. ఒకరోజు టైరు పంక్చర్, ఒకరోజు రేడియేటర్‌లో నీళ్ళు మసలడం. పది రౌండ్లు దాటితే గొప్ప.

ఇవి చాలవన్నట్టు పక్క ఊరి ముసలామె ఒకతె ఉలవ చెట్లు తెచ్చి రన్‌వే మీద పరిచింది. మా వైపు అది మామూలే. రోడ్డు మీద పంట పరిస్తే, వచ్చేపోయే బండ్లు తొక్కి గింజ రాల్చి పోతాయి. నేను మాత్రం మండిపడి హారన్ మోగించాను. ఆమె బోసినోటితో నవ్వింది.

"ఎట్లాగు ఉత్తగనే తిరుగుతానవ్ గద బిడ్డా! జర గీ చెట్ల మీదికెళ్ళి తిరుగు, పుణ్యముంటది."

తొక్కాను. భాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "రేస్ డ్రైవర్‌వి గాదు సేఠ్, కల్లంల ఎద్దువి నువ్వు."

మద్రాసుకు బయలుదేరడానికి వారం ముందు, ఆఖరి ఆదివారం. ఆ రోజు కారుకు ఏం బుద్ధి పుట్టిందో, పన్నెండు, పదమూడు, పద్నాలుగు... ఎక్కడా మొరాయించలేదు. భాయ్ గుప్పిట్లో రాళ్ళు పట్టుకుని రౌండుకొకటి పారేస్తున్నాడు. పదహారోది పడింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఆ రోజు కూడా ఉలవ చెట్లు పరిచిన ముసలామె కర్ర పైకెత్తి ముందుకొచ్చింది. "జర ఆగు బిడ్డా! తిరగేస్త."

"ఆగకు సేఠ్!" అని దూరం నుంచి భాయ్ అరిచాడు.

పక్కనుంచి పోవడానికి బోలెడు జాగా ఉంది. కానీ పెద్దమనిషి చెయ్యెత్తితే దుమ్ము కొట్టి పోవడం చేతకాక ఆగాను. ఇంజన్ ఆపలేదు కదా, ఇది ఆగినట్టు కాదులే అనుకున్నాను. ఎండిన ఉలవ చెట్ల కుప్ప మీదే ఆపాను, మూర్ఖుణ్ణి. పదహారు రౌండ్లు కాలిన సైలెన్సర్ కుప్పలో దిగింది. ఆమె కర్రతో చెట్లు తిరగేస్తోంది. పొగ వాసన వస్తే చుట్ట వెలిగించిందేమో అనుకున్నాను.

కాళ్ళ కింద నుంచి మంట లేచింది. దూకేశాను. భాయ్ పరుగున వచ్చి మట్టి చల్లాడు. ముసలామె తాగే నీళ్ళ కుండ గుమ్మరించింది. ఏం లాభం? ట్యాంకు అంటుకుంటుందని భాయ్ నన్ను రెక్క పట్టి ఈడ్చుకుపోయాడు. కారు మా కళ్ళ ముందే కాలిపోయింది.

ముసలామె నేల మీద కూలబడి గుండెలు బాదుకుంది. "నా నోరు పడిపోను! నేనే ఆపితి. నీ బండి పాయె బిడ్డా, నీ బండి పాయె!"

"నీ వల్లనే పోయింది! నీకేం, నాది పోయింది!" అని ఆమె మీద అరిచాను. గొంతు పోయేదాకా అరిచాను.

భాయ్, నేను నడిచి రోడ్డెక్కాం. కొంత దూరం పోయాక ఆయన మెల్లగా, "ఉలవలు గూడ కాలినయ్ సేఠ్" అన్నాడు.

అప్పటిదాకా అది నా బుర్రకే తట్టలేదు. వెనక్కి తిరిగి చూశాను. ఆమె బూడిదలో వంగి గింజలు ఏరుకుంటోంది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆమె దగ్గరికి పోలేదు.