క్లచ్చి లేని బండి

సూర్యాపేట ధాన్యం మార్కెట్టు వెనుక బద్రీనాథ్ సేటు రైసుమిల్లు గేటుకు రెండు రాతి స్తంభాలుండేవి. ఎడమ స్తంభానికి మోకాలెత్తున ఒక పెచ్చు ఊడిపోయి ఉండేది. ఆ పెచ్చు ఊడగొట్టినవాడే రోజూ దాని పక్కన స్టూలు మీద కూర్చుని వచ్చే పోయే బళ్లకు గేటు తీసేవాడు. అతని పేరు మత్తయ్య. ఊరు చివ్వెంల.

మత్తయ్య మొదటినుంచీ గేటు మనిషి కాదు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క, లారీల వెనుక బొగ్గు పొయ్యి తగిలించి ఆ గ్యాసుతో నడిపేవారు. ఆ కాలంలో సూర్యాపేట నుంచి కోదాడకూ, అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకూ సేటు లారీ నడిపింది అతనే. బొగ్గు లారీకి ఊపిరి తక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను మూలుగు విని, అది చతికిలబడక ముందే గేరు మార్చాలి. మత్తయ్య గేరు మారిస్తే బస్తాల మీద పడుకున్న హమాలీలకు మెలకువ కూడా వచ్చేది కాదట.

1945 వానాకాలంలో మిర్యాలగూడ మిల్లులో సరుకు దించుతుండగా బస్తాల దొంతి జారింది. మూడు బస్తాలు అతని ఎడమ పాదం మీద పడ్డాయి. మిషను దవాఖానలో చీలమండ పైదాకా తీసేశారు. వడ్రంగి పాపయ్య బూరుగు చెక్కతో ఒక పాదం చెక్కి, తోలు పట్టీలు కుట్టి ఇచ్చాడు. అది నడవడానికి పనికొచ్చింది. క్లచ్చికి పనికి రాలేదు. ఆరు నెలలు తిరక్కుండానే అతను ఎవరినీ అడక్కుండా లారీ ఎక్కాడు. క్లచ్చి ఎంత లోపలికి పోయిందో, ఎప్పుడు పైకి లేస్తున్నదో చెక్కకు ఎట్లా తెలుస్తుంది? లారీ ఒక్క ఎగురు ఎగిరి గేటు స్తంభాన్ని గుద్దింది. సేటు ఒక్క మాటా అనలేదు. మర్నాడు ఆ స్తంభం పక్కనే ఒక స్టూలు వేయించాడు.

తిట్టి ఉంటే మత్తయ్య ఎదురు తిరిగేవాడు. స్టూలుకు ఏమని ఎదురు తిరుగుతాడు? మూడేళ్లు దాని మీద కూర్చున్నాడు. కూర్చున్నాడే కానీ ఊరుకోలేదు. గేట్లోకి వచ్చే ప్రతి డ్రైవరుకూ, ఫలానా మలుపులో గేరు ఆలస్యంగా మార్చావని, చప్పుడు ఇక్కడిదాకా వినబడిందని చెప్పేవాడు. వాళ్లు నవ్వేవారు. డ్రైవరు లైసెన్సు మాత్రం ఏటా పోయి కొత్తది చేయించుకునేవాడు. ఆ కాగితం దేనికని భార్య ఏసమ్మ అడిగితే, అందులో పాదాల లెక్క ఎక్కడా రాసి లేదని చెప్పేవాడు.

1949 ఎండాకాలం నాటికి కాలం తిరగబడింది. నిజాం రాజ్యం పోయింది. పట్నంలో నవాబులు బంగళాలు ఖాళీ చేస్తూ మోటారు కార్లు అమ్ముకుంటున్నారు. మూడూళ్లలో మూడు మిల్లులున్న సేటుకు కారు కావాల్సి వచ్చింది. ఒక దళారి రెండు కార్లు తెచ్చి మిల్లు ఆవరణలో నిలబెట్టి, మూడు రోజులు నడిపి చూసుకొమ్మన్నాడు. మొదటిది ఇంగ్లండు కారు. చిన్నది, గట్టిది, మామూలుగా గేర్లు మార్చుకునేది. రెండోది అమెరికా కారు. పొడుగ్గా పడవలా ఉంది. దాని గేర్లు అవే మారతాయని దళారి చెప్పాడు.

మత్తయ్య ఆ మాట నమ్మలేదు. అందరూ భోజనాలకు పోయాక తలుపు తీసి వంగి చూశాడు. కింద రెండే పెడళ్లున్నాయి. ఒకటి యాక్సిలేటరు. రెండోది బ్రేకు, మామూలు బ్రేకుకు రెండింతల వెడల్పు. క్లచ్చి ఉండాల్సిన చోట ఉత్త నేల. అక్కడ చెయ్యి పెట్టి తడిమి చూశాడు. తన ఎడమ కాలికి పని చెప్పని బండి ఈ భూమ్మీద ఒకటుందని ఆ రోజే అతనికి తెలిసింది. అది తన కళ్ల ముందే, తాను కాపలా కాసే గేటు లోపలే ఉంది.

సేటు భోంచేసి రాగానే ఎదురు వెళ్లి, అమెరికా కారే కొనమన్నాడు. సేటు తాపీగా విన్నాడు.

"గేర్లు దానికదే మార్చుకుంటదా? తనంతట తాను తూగే తరాజు నీకిస్తే నువ్వు నమ్ముతవా మత్తయ్యా?"

"మీ మిల్లుల జల్లెడ తనంతట తానే నూకలు ఏరుతున్నది గద సేటూ. దాన్ని నమ్మే గద బియ్యం అమ్ముతున్నరు."

సేటు నవ్వలేదు కానీ, రెండు కార్లూ నడిపి చూశాకే మాట్లాడదామన్నాడు. నడపడానికి కోదాడ నుంచి బామ్మర్ది నర్సింగరావును పిలిపించాడు. నర్సింగరావు కోదాడ మిల్లు చూసుకునేవాడు. మోటారు నడపడంలో తనంతటివాడు లేడని అతని నమ్మకం, అది పూర్తిగా అబద్ధమూ కాదు. మొదటిరోజు ఇంగ్లండు కారును మిర్యాలగూడ దాకా నడుపుకుపోయి, మీసం దువ్వుకుంటూ తిరిగొచ్చాడు. అమెరికా కారు చుట్టూ ఒకసారి తిరిగి, గేటు దగ్గరికి వినబడేలా అన్నాడు.

"క్లచ్చి లేని బండేంటి బావా, ఆడోళ్ల కుట్టుమిషను లాగా. కాళ్లు లేనోళ్ల కోసం చేసుంటారు."

మత్తయ్య స్టూలు మీదినుంచి లేచాడు. "అవునయ్యా, నాకోసమే చేసిండ్రు. మీకు అచ్చిరాదు, జర పైలం" అన్నాడు.

మర్నాడు సూర్యాపేట మిల్లుకు సెలవు. అమెరికా కారును అదే దారిలో నడిపి చూడాలని బయలుదేరారు. రేడియేటరులో నీళ్లు పోయడానికి ఒక మనిషి కావాలి కదా అని మత్తయ్య తనంతట తానే ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. అంతకుముందే, కారు బయటికి రాగానే, గేటుకు తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. సేటు వెనక సీటు మధ్యలో పాగా సర్దుకుని కూర్చున్నాడు. నర్సింగరావు కారును మెత్తగా లేపాడు. ఊరు దాటేదాకా అంతా బాగానే నడిచింది. గేర్లు ఎప్పుడు మారాయో సేటుకు తెలియలేదు. మత్తయ్యకు తెలిసింది. ఇంజను శ్వాస మారిన ప్రతిసారీ అతను లోపల లెక్క పెట్టుకుంటున్నాడు, ఒకటి, రెండు, మూడు. తాను మార్చే చోటనే అదీ మారుస్తున్నది.

చివ్వెంల దాటాక ఎదురుగా ఎడ్లబండి వచ్చింది. వేగం తగ్గించాలి. నర్సింగరావు ఎడమ కాలు ఇరవై ఏళ్ల అలవాటు చొప్పున క్లచ్చి కోసం లేచి, బలంగా తొక్కింది. అక్కడున్నది క్లచ్చి కాదు, వెడల్పాటి బ్రేకు. కారు ఉన్నచోటనే బిగుసుకుంది. వెనక సీట్లో ఉన్న సేటు పాగాతో సహా ముందుకు వచ్చి ముందు సీటుకు నుదురు గుద్దుకున్నాడు. ఎడ్లు బెదిరి పక్కకు దిగాయి. నర్సింగరావు పొరపాటన్నాడు. కోదాడ చేరేలోపు ఆ పొరపాటు ఇంకా మూడుసార్లు జరిగింది. మూడోసారికి సేటు పాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

కోదాడ మిల్లు ఆవరణలో దిగగానే నర్సింగరావు తీర్పు చెప్పాడు. బండిలోనే దోషం ఉంది, బ్రేకులు పిచ్చివి, ఇది మనుషుల్ని చంపుతుంది. సేటు నుదురు తడుముకుంటూ సరేనన్నాడు. ఇంగ్లండు కారే ఖాయం చేద్దామని, ఇక్కడినుంచే దళారికి కబురు పెడదామని గుమాస్తాను పిలిచాడు.

గుమాస్తా వచ్చేదాకా ఉన్న సమయమే మత్తయ్యకు మిగిలింది. ఆ కబురు పోయిందంటే తన చావుదాకా ఆ స్టూలే. అతను సేటు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"దోషం బండిల లేదు సేటూ. మీ బామ్మర్ది ఎడమ కాలుల ఉంది. పనిలేని కాలు ఊకుంటలేదు. లేని క్లచ్చి దేవులాడి బ్రేకు తొక్కుతున్నది."

"నోరు అదుపులో పెట్టుకో" అన్నాడు నర్సింగరావు.

"కావాలంటే ఆ కాలు సీటుకు కట్టేసుకోని తోలుండ్రి. నేను సెప్పింది తప్పయితే రేపటి సంది మిల్లు గేటు కాడ గూడ ఉండ."

హమాలీలు ఎవరో కిసుక్కుమన్నారు. నర్సింగరావు మొహం కందింది. ఒక కుంటివాడు తన కాలు కట్టేసుకొమ్మంటే కట్టేసుకునేవాడు కాదతను. ఆ సంగతి మత్తయ్యకూ తెలుసు. అందుకే జవాబు కోసం ఆగలేదు. కుంటుకుంటూ పోయి స్టీరింగు ముందు కూర్చుని తలుపు వేసుకున్నాడు.

సేటు దిగమన్నాడు.

"దిగ సేటూ."

"దిగమంటున్న గద."

"మూడేండ్లయితుంది దిగి. మల్ల దిగ."

ఇంజను లేపాడు. చెక్క పాదాన్ని సీటు వైపు వెనక్కి జరిపి పెట్టుకున్నాడు. ఆవరణ నిండా వడ్లు ఆరబోసి ఉన్నాయి. కుప్పల మధ్య ఒక్క బండి పట్టేంత దారే ఉంది. కుడి కాలొక్కటే యాక్సిలేటరు మీదినుంచి బ్రేకు మీదికి, బ్రేకు మీదినుంచి యాక్సిలేటరు మీదికి పోయి వస్తూ ఉంది. అంత పొడుగు కారును ఆ సందులోంచి చివరిదాకా తీసుకుపోయాడు. అక్కడ తిప్పుకునే చోటు లేదు. మెడ వెనక్కి తిప్పి అదే దారిన వెనక్కి తెచ్చాడు. వడ్లు తిరగబోస్తున్న సోమమ్మ అనే కూలామె పార పట్టుకుని పక్కకు తప్పుకుంది. కారు పోయాక వంగి చూసి, గింజ నలగలేదని సేటుకు వినబడేలా చెప్పింది. సేటు కళ్లు కూడా అక్కడే ఉన్నాయి. అతను నుదుటి దెబ్బనైనా మరిచిపోతాడు కానీ నలిగిన గింజను మరిచిపోడు.

కారు తెచ్చి సరిగ్గా సేటు ముందు ఆపాడు. ఆగినట్టే తెలియలేదు.

"ఎక్కుండ్రి సేటూ. మిర్యాలగూడ వోదాం."

సేటు కాసేపు బామ్మర్ది వైపు చూశాడు. ఒళ్లో పెట్టుకోవడానికి పాగా తీశాడు, ఏమనుకున్నాడో మళ్లీ తలకు పెట్టుకుని వెనక సీట్లో ఎక్కాడు. నర్సింగరావు ఎక్కలేదు. తన ఊళ్లోనే ఉండిపోయాడు.

హుజూర్‌నగర్ దాటాక దారిలో మిలిటరీ తనిఖీ ఉంది. సిపాయి కారు ఆపి లైసెన్సు అడిగాడు. మత్తయ్య తీసి ఇచ్చాడు. సిపాయి కాగితం చూశాడు, మనిషిని చూశాడు, పొమ్మన్నాడు. పాదాల సంగతి అడగలేదు. మిర్యాలగూడ మిల్లులో మత్తయ్య కారును తీసుకుపోయి బస్తాలు దించే అరుగు ముందే ఆపాడు. తన పాదం పోయిన చోటు అది. పాత హమాలీలు చుట్టూ మూగి, ఏం మత్తయ్యా, కాలు మొలిచిందా అని అడిగారు. మొలవలేదని, ఈ బండికి అక్కర్లేదని చెప్పి, తలుపు తీసి కింద చూపించాడు. ఒక్కొక్కరే వంగి ఆ ఖాళీ చోటు చూసిపోయారు.

తిరుగుదారిలో సేటు గొంతు విప్పాడు.

"బజారుల నలుగురు అడుగుతరు. కుంటోని చేతుల పానం పెట్టి తిరుగుతున్నవా సేటూ అంటరు. ఏం జెప్పాలె?"

"రెండు కాళ్లోని చేతుల పెట్టి సూసిన, నుదురు బొప్పి కట్టింది అని చెప్పుండ్రి."

అద్దంలో చూస్తే సేటు బొప్పి తడుముకుంటూ, మీసాల కింద నవ్వు ఆపుకుంటున్నట్టు కనబడింది.

సూర్యాపేట చేరేసరికి పొద్దు వాలుతోంది. మిల్లు గేటుకు తాళం వేసి ఉంది. మత్తయ్య కారు ఆపి, అలవాటు తప్పిన పని చేశాడు. హారను కొట్టాడు. గేటు తీసేవాడు ఎవరూ లేరు. గేటు తీసేవాడు స్టీరింగు ముందున్నాడు. సేటు కొంచెంసేపు ఎదురుచూశాడు.

"దిగి తియ్యి" అన్నాడు.

మత్తయ్య వెనక్కి తిరగలేదు. జేబులోంచి తాళంచెవి తీసి, భుజం మీదుగా వెనక సీటు వైపు చాపాడు. చెయ్యి అలాగే ఉంచాడు. మార్కెట్టు నుంచి ఇళ్లకు పోతున్న ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు.

చాలాసేపటికి తాళంచెవి అతని వేళ్లలోంచి సేటు చేతికి పోయింది. వెనక తలుపు తెరుచుకుంది. బద్రీనాథ్ సేటు కిందికి దిగి, ధోవతి కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, తన మిల్లు గేటు తానే తీశాడు. తీసి, అడ్డంగా ఉన్న స్టూలును కాలితో పక్కకు నెట్టాడు.

"స్తంభం సూసుకో" అన్నాడు.

మత్తయ్య చూసుకున్నాడు. కారు ఆ పెచ్చూడిన స్తంభాన్ని జానెడు దూరంలో వదిలేసి లోపలికి పోయింది. దళారి మర్నాడు వచ్చి ఇంగ్లండు కారును వెనక్కి తీసుకుపోయాడు. అదే రోజు గేటుకు కొత్త మనిషి కావాలని సేటు మార్కెట్టులో నలుగురికీ చెప్పాడు.