సుబేదార్ సాబ్ నాకు తోడొచ్చిండు

మా ఊర్ల ఫౌజుల చేసొచ్చినోళ్లం ఇద్దరమే. ఆయన సుబేదార్, నేను నాయక్. పింఛన్ మీద కట్టంగూర్ దిక్కు వచ్చి ఏండ్లయినా, ఆయన ఎదురైతే నా చెయ్యి దానంతటదే సెల్యూట్‌కు లేస్తది. ఏం చేస్తం, అలవాటు.

ఓనాడు సాబ్ ఇంటామె మా అరుగు మీద కూసొని కండ్లనీళ్లు పెట్టుకుంది. "మరిదీ, మీ సాబ్‌ను లేపాలంటే దూరంకెల్లి కట్టెతోని పొడుస్తున్న. మొన్న బిడ్డ తెలువక భుజం పట్టి లేపితే దాని గొంతు పట్టిండు." పక్క చేన్ల బోరు బండి మోగితే పత్తి సాళ్లల్ల నేలకు అతుక్కొని పండుకుంటడట. "దవాఖానకు రాకుంటే దసరాకు బిడ్డను తీస్కొని కోస్గికి, మా తల్లిగారింటికి పోత. ఇగ నాతోని కాదు" అంది.

ఉరుకుతనే పోయిన. "సాబ్, నడువున్రి, నల్లగొండల మంచి డాక్టర్ ఉన్నడు."

"నాకేమన్న పిచ్చిలేసిందారా? నాయక్‌వి, సుబేదార్‌కు హుకుం ఇస్తవా?" అని గుడ్లురిమిండు.

ఒళ్లు మండింది. కని ఫౌజు లెక్కల ఆయన మాట తప్పు గాదు. ఆ ఫౌజు లెక్కలనే ఇంకోటి యాదికొచ్చింది. బీమార్ అయినోన్ని ఒక్కన్నే దవాఖానకు పంపరు, తోడు మనిషి పోవాలె. నేను సుత ఆ డాక్టర్ దగ్గర్నే నిద్రకు, గుండెదడకు గోలీలు తింటున్న. ఊర్ల ఎవ్వరికి చెప్పలే. మల్ల పోయి ఎదురుంగ నిలవడ్డ.

"సాబ్, బీమార్ నేను. జర తోడు రాన్రి."

కిందికెల్లి మీది దాక చూసిండు. "ఎప్పటిసంది?"

"ఫౌజు ఇడిసినప్పటిసంది."

"మరి చెప్పవేందిరా!" అని నన్నే తిట్టిండు.

తెల్లారి ఇస్త్రీ అంగి, మెరిసే బూట్లతోని బస్టాండ్ల నాకంటె ముందే ఉన్నడు. అప్పటిసంది ప్రతి నెలా అంతే. గోలి మర్సిపోతే నన్ను డాక్టర్ ముంగటనే కడిగేసెటోడు. వాపస్ వచ్చేటప్పుడు చాయ్ తాగుకుంట, డాక్టర్‌కు చెప్పినయన్ని ఆయనకు చెప్పెటోన్ని. కండ్లు మూస్తే ఏం కనవడ్తదో, ఎవల కేక ఇనవడ్తదో. ఓనాడు ఆయన తాగే గిలాస కింద పెట్టిండు.

"నీగ్గూడ గట్లనేనా?" అన్నడు మెల్లగ.

"గట్లనే సాబ్."

దసరా దగ్గరకొచ్చింది. దవాఖానల సిస్టర్ నన్ను పిలిస్తే లేచిన. సాబ్ నా భుజం మీద చెయ్యేసి కూసోవెట్టిండు. "నాయక్, నీ వంతు నాకియ్యి. ఇయ్యాల నువ్వు నాకు తోడు" అని లోపలికి పోయిండు. కూసోమన్నడు గని నేనెట్ల కూసుంట? ఆ తలుపు ముంగట సావధాన్‌ల నిలవడ్డ. సర్వీసుల ఎన్ని పరేడ్లు చేసినా నా ఛాతీ అంత ఉబ్బలే. గర్వమా అంటే గర్వమే, ఎందుకుండొద్దు?

వదిన ఆ దసరాకు కోస్గి పోలే. మందులు పట్టనీకి నెలలు పట్టింది. ఇప్పుడు సాబ్ ఆలేరు దిక్కు ఒక హవల్దార్‌ను "నాకు తోడు రా" అని గిట్లనే పట్కొస్తుండు. ఉపాయం తనదే అన్నట్టు చెప్పుకుంటుండు. చెప్పుకోనీ.

మొన్న వాళ్లింటికి పోయిన. సాబ్ మంచం మీద కునుకు తీస్తుండు. బిడ్డ పోయి భుజం పట్టి ఊపింది. "బాపూ, కాక వచ్చిండు." ఆయన కండ్లు తెరిచి బిడ్డ చెయ్యి పట్టుకొని లేచిండు. వాకిట్ల కట్టెల పొయ్యి మీద చాయ్ మరుగుతుంది.

"మరిదీ, పొయ్యిల ఏ కట్టె కాలుతుందో తెల్సా?" అంది వదిన.