నీటి అంచున విడిచిన చెప్పులు

నాకు ఒకప్పుడు కాస్త పరువుండేది. సగం నాచారంలో, సగం ఉప్పల్‌లో. ఆ రెండు సగాలనూ జాగ్రత్తగా మూటగట్టి, రైల్లో మోసుకెళ్ళి, కాకినాడ అవతల సముద్రంలో ముంచేసి వచ్చాను. ముంచినవాణ్ణీ నేనే, మునిగినవాణ్ణీ నేనే. సముద్రం తప్పు ఇసుమంత కూడా లేదు. అది రోజూ చేసే పనే ఆ రోజూ చేసింది.

ఏడేళ్ళ కిందటి మాట. వారంలో ఆరు రోజులు నేను నాచారంలో ఒక మందుల కంపెనీ స్టోర్స్‌లో పనిచేసేవాణ్ణి. ఆదివారం మాత్రం పక్షి శాస్త్రజ్ఞుణ్ణి. ఆ పట్టా నాకెవరూ ఇవ్వలేదు, నేనే పుచ్చుకున్నాను. చలికాలం వస్తే ఆరింటికల్లా ఉప్పల్ చెరువు దగ్గర ఉండేవాణ్ణి. అక్కడ నా పద్ధతి ఒకటే. నీటి అంచున చెప్పులు విడవాలి. బురదలో మెల్లగా దిగాలి. పక్షి దగ్గరికి వీలైనంత వెళ్ళాలి. మళ్ళీ చెప్పులు కనబడే వైపు నడిచి గట్టెక్కాలి. పదేళ్ళలో ఒక్కసారి కూడా నా చెప్పులు పెట్టినచోటు నుంచి కదల్లేదు. చెరువూ కదల్లేదు. ఇదంతా నా అనుభవం గొప్పతనమే అనుకునేవాణ్ణి.

నిజానికి నాకు పక్షుల పేర్లు నేర్పింది మా వీధి చివర ఉండే మూర్తి గారు. ప్రభుత్వ ప్రయోగశాలలో పనిచేసి రిటైరయిన పెద్దమనిషి. కాకినాడ వైపు ఆయన సొంతూరు. మెడలో పాత దుర్భిణి, జేబులో గీతల నోటు పుస్తకం. చెరువు దగ్గర ఏ పక్షి కనబడినా అందులో రాసుకునేవారు: ఎన్ని ఉన్నాయి, ఎక్కడున్నాయి, ఏం చేస్తున్నాయి, స్థానికమా, వలసా. నేను నోటితో ఎన్ని పక్షులు చూశానో ఆయన పుస్తకంలో అందులో పదో వంతు ఉండేవి.

ఆ డిసెంబరులో ఒకరోజు ఆయన గట్టు మీద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటూ అన్నారు.

"వచ్చే వారం ఆపరేషన్, శ్రీనివాస్. రెండు మోకాళ్ళూ. ఆ తర్వాత ఎన్నాళ్ళకు బయటికొస్తానో, అసలెంత దూరం వెళ్ళగలనో తెలియదు. ఒక్క కోరిక ఉండిపోయింది."

"చెప్పండి సార్!"

"కర్లూ. కోడిపెట్టంత ఉంటుంది. ముక్కు కొడవలిలా కిందికి వంగి ఉంటుంది. చలికాలంలో మా సముద్రం ఒడ్డుకు వచ్చేది. ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్నగారు భుజం మీద ఎక్కించుకుని చూపించారు. దాని కూత ఇప్పటికీ చెవిలో ఉంది. అది నిజంగా అలాగే ఉంటుందో, నేనే ఊహించుకుని పెంచుకున్నానో... ఇంకోసారి వినాలని ఉంది."

పాఠకులారా, అక్కడ నేను చేయవలసింది చాలా చిన్న పని. ఆయన్ని తీసుకెళ్ళి, ఒక కుర్చీలో కూర్చోబెట్టి, నోరు మూసుకోవడం. నేను మాత్రం రొమ్ము చరుచుకున్నాను. "నేను చూపిస్తా సార్! ఈ చెరువును చూసినోడికి సముద్రం ఓ లెక్కా? అది కొంచెం పెద్ద చెరువు, అంతే గదా!"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఉప్పల్ గెలిచి బంగాళాఖాతం మీదికి బయల్దేరాను.

ఆయన చేయి పట్టుకుని రైలెక్కించడానికి నా బావమరిది యాదగిరిని వెంట తీసుకున్నాను. అతనికి పక్షుల మీద కన్నా కాకినాడ కాజా మీద ఆసక్తి ఎక్కువ. రాత్రి రైలెక్కి, మర్నాడు పొద్దున ఆరున్నరకల్లా బెస్తవాళ్ళ ఊరొకటి దాటి ఒడ్డుకు చేరాం. మధ్యాహ్నం కల్లా తిరుగు బస్సెక్కాలి. అంటే మూర్తి గారి కర్లూకు ఉన్నది ఆ ఒక్క పొద్దుటిపూటే.

ఒడ్డుకు చేరి చూద్దునా, సముద్రం లేదు!

అబద్ధం కాదు. కనుచూపు మేర బురద. తడి బురద, మెరిసే బురద, మధ్యలో సన్నటి కాలవలు. ఎక్కడో అవతల గీత గీసినట్టు నీళ్ళు. ఆ గీత మీద చీమల్లా చుక్కలు కదులుతున్నాయి.

"బావా, సముద్రం ఏడికి బోయింది?" అన్నాడు యాదగిరి. "మనం తప్పు ఊరికొచ్చినమా?"

"గా చుక్కలే పక్షులు. నడువు, దగ్గరికి పోదాం."

ఒడ్డున చాపలు పరిచి ఎండుచేపలు ఆరబెడుతున్న ఆవిడ తలెత్తి చూసింది. నూకరత్నం ఆమె పేరు. ఆ పేరు తర్వాత తెలుసుకున్నాను. ముందే ఆమె మాట విని ఉంటే ఈ కథే ఉండేది కాదు.

"ఇప్పుడెల్లకండి బాబూ. పోటు మొదలైపోద్ది. ఇక్కడే కూకోండి, నీళ్ళొచ్చేకొద్దీ ఆ పిట్టలే ఇటొచ్చేత్తాయి."

"పిట్టలు మన దగ్గరికి రావమ్మా, మనమే వాటి దగ్గరికి పోవాలె," అన్నాను, చదువుకున్నవాడి చిరునవ్వు ఒకటి జోడించి. "పదేండ్ల నుంచి చూస్తున్న."

"ఎక్కడ?"

"ఉప్పల్‌లో."

"అక్కడ పోటు వొత్తాదా?"

ఆ ప్రశ్న వినబడనట్టు ప్యాంటు అంచులు పైకి మడుచుకున్నాను.

"శ్రీనివాస్, ఆవిడ చెప్పేది కాస్త వినండి," అన్నారు మూర్తి గారు. "నాకు చిన్నప్పటి సంగతి సరిగా గుర్తులేదు గానీ, మా నాన్నగారు కూడా నన్ను ఒడ్డునే..."

"మీరు ఫికర్ జెయ్యకుండ్రి సార్. మీ మోకాళ్ళకు ఈ బురద పడదు. ఇక్కడ కూసోండి. మేం పోయి, అదేడుందో ఖాయం చేసుకుని వచ్చి చెప్తం."

నూకరత్నం ఆయనకు ప్లాస్టిక్ కుర్చీ వేసింది. అప్పుడు నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ చేయి ఆడదు. ఆయన మెడలోని దుర్భిణి అడిగి తీసుకున్నాను. "ఒడ్డు మీద మీకెందుకు సార్, ఇక్కడ కాకులే ఉంటయి," అని కూడా అన్నాను. ఎవరి కోసం ఎనిమిది వందల మైళ్ళు వచ్చినట్టు ఊరంతా చెప్పుకున్నానో (ఆ లెక్క కూడా నాలాంటిదే, సగానికి పైగా అతిశయం) ఆ మనిషిని కుర్చీలో వదిలి, ఆయన కళ్ళు కూడా నేనే పట్టుకుపోయాను. ఆయన పట్టీ మెడ నుంచి తీసి, అద్దాలు తుడిచి మరీ ఇచ్చారు.

అరకిలోమీటరు నడిచాక ఒక కాలవ వచ్చింది. నీళ్ళు చీలమండ దాకా. ఉప్పల్ శాస్త్రం ప్రకారం నీటి అంచున చెప్పులు విడిచాను. యాదగిరి చేత కూడా విడిపించాను.

"ఇవి మన గుర్తు. వచ్చేటప్పుడు చెప్పులు సూసుకుంట రావాలె. తప్పిపోయే సవాలే లేదు."

"మస్తు తెలివి బావా నీది," అన్నాడు యాదగిరి. ఆ మాట ఇప్పటికీ పెళ్ళిళ్ళలో వాడుతుంటాడు, స్వరం మార్చి.

ఇంకో అరగంట నడిచాం. బురద పిక్కల దాకా వచ్చింది. ఒక కాలు పీకితే రెండో కాలు దిగేది. చుక్కలు కొంచెం పెద్దవై, వాటికి ముక్కులూ కాళ్ళూ మొలిచాయి. దుర్భిణి ఎత్తి పెట్టానో లేదో, అన్నీ ఒక్కసారి లేచాయి. వందల రెక్కలు. మా తల మీదుగా, మమ్మల్ని చూడనట్టే, ఒడ్డు వైపు వెళ్ళిపోయాయి.

"బావా, అవి అటు బోతున్నయేంది?"

"తిరుగుతయి. ఇటే వస్తయి. నిలబడు."

నిలబడ్డాం. రాలేదు. వచ్చింది వేరేది.

"బావా."

"ఏందిరా?"

"సముద్రం ముంగట ఉన్నది గదా?"

"ఉన్నది."

"మరి నీళ్ళు ఎనకకెల్లి ఎందుకొస్తున్నయి?"

వెనక్కి తిరిగాను. మేము దాటొచ్చిన సన్నటి కాలవ ఇప్పుడు సన్నగా లేదు. ఇంకో రెండు కాలవలు దానితో చేతులు కలిపాయి. సముద్రం మర్యాదగా ఎదురుగా వస్తుందని చూస్తుంటే, అది పెరటి దారిన ముందే ఇంట్లోకొచ్చి కూర్చుంది! ఏది ఒడ్డో, ఏది ఇసుక తిట్టో, మేమెటు నుంచి వచ్చామో అర్థం కాలేదు. తూర్పు ఏదని సూర్యుణ్ణి చూస్తే మబ్బు. నాచారంలో దారి తప్పితే ఎవరినైనా అడుగుతాం. ఇక్కడ అడగడానికి ఒక ఎండ్రకాయ ఉంది, అదీ కన్నంలోకి పోయింది.

"చెప్పులు! చెప్పులు సూడు యాదగిరీ, అటే ఒడ్డు!"

"కనబడ్డయి బావా."

"ఏడ?"

"నీ పక్కకెల్లే పోతున్నయి."

నిజమే. నా ఎడమ చెప్పు ముందు, కుడి చెప్పు వెనక, ఆలుమగల్లా తేలుతూ వెళుతున్నాయి. పదేళ్ళు నన్ను గట్టెక్కించిన గుర్తు, నన్ను దాటి తన దారిన తను ఎటో పోతోంది. యాదగిరి చెప్పులు ఇంకో దిక్కుకు. అంటే ఒడ్డు రెండు వైపులా ఉన్నట్టు!

మోకాళ్ళ దాకా నీళ్ళు. తర్వాత తొడల దాకా. కదిలితే బురద పట్టేస్తోంది. మూర్తి గారి దుర్భిణి తడవకుండా రెండు చేతులూ పైకెత్తాను. అప్పుడు మబ్బు కాస్త విడివడి, ఆ వెలుతురులో దూరంగా నూకరత్నం ఎర్రచీర కనబడింది. దుర్భిణి కళ్ళకు పెట్టాను.

ఒడ్డున మూర్తి గారు కుర్చీలో ఉన్నారు. ఆయన ముందు, సన్నటి ఇసుక పట్టీ మీద, మేము వెంటపడిన పక్షులన్నీ ఉన్నాయి. పోటు తరిమిన కొద్దీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అక్కడికే చేరాయి. వాటన్నిటి కన్నా పొడుగ్గా, కొడవలి ముక్కుతో, ఆయన కాళ్ళకు ఇరవై అడుగుల దూరంలో ఒకటి నడుస్తోంది. దుర్భిణి అక్కర్లేనంత దగ్గర. కర్లూ! మా వైపు దాని వీపే కనబడుతోంది.

"మూర్తి గా..." అని గొంతెత్తబోయాను, కాపాడమని.

దుర్భిణిలో ఆయన చేయి లేవడం కనబడింది. చూపుడు వేలు పెదవుల మీదికి వెళ్ళింది.

"ఏమంటుండు బావా? పడవ పంపిస్తా అంటుండా?"

"నోరు మూసుకోమంటుండు."

"మునిగిపోతున్నం గదా!"

"అరిస్తే పక్షి ఎగిరిపోతది."

"పోతే పోనీ! పిట్ట పానమా, మన పానమా?"

న్యాయమైన ప్రశ్న. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. నేను అరిస్తే ఆ గుంపంతా లేచిపోతుంది. నాకు తెలుసు, నా గొంతుకు ఉప్పల్ చెరువులో ఒక్క బాతు కూడా ఆగేది కాదు. లేస్తే ఈ పూటకు మళ్ళీ రావు. వచ్చే వారం ఆయనకు ఆపరేషన్. భుజం మీద ఎక్కించుకుని చూపించిన నాన్నగారు ఎటూ లేరు. ఉన్నది కుర్చీ ఒక్కటే. ఆ కుర్చీ కూడా నేనిచ్చింది కాదు.

"ఒర్రకు, యాదగిరీ," అన్నాను నెమ్మదిగా.

"నువ్వేనా బావా ఈ మాటనేది?"

పుట్టి నలభై రెండేళ్ళకు మొదటిసారి నోరు మూసుకున్నాను. దొంగజపం చేసే కొంగను చూసి నవ్వేవాణ్ణి. ఆ రోజు రెండు చేతులూ ఎత్తి, కాళ్ళు బురదలో పాతి, అసలైన కొంగజపం నేనే చేశాను. పక్కన యాదగిరి ఆంజనేయుణ్ణి పెదాలతోనే తలుచుకున్నాడు.

అప్పుడు అది కూసింది. నీళ్ళ మీదుగా మా దాకా వచ్చింది ఆ కూత. కింద మొదలై మెల్లగా పైకి లేచి, చివర వణికింది. దుర్భిణిలో చూశాను. మూర్తి గారు పక్షిని చూడటం లేదు. కళ్ళు మూసుకున్నారు.

ఆ తర్వాత నూకరత్నం భర్త చిన్న పడవ తోసుకుంటూ చుట్టు తిరిగి వచ్చాడు. మమ్మల్ని ముల్లంగి దుంపల్లా పీకి పడవలో వేసుకున్నాడు.

"నడుం దాటి రావండీ ఇక్కడ నీళ్ళు," అన్నాడు తీరిగ్గా. "ఆ సంగతి మాయావిడ పెద్దాయనకి అప్పుడే చెప్పేసింది. పిట్టలు కదిలాక ఎల్దూగాని అన్నారాయన."

ఒడ్డు చేరాక దుర్భిణి మూర్తి గారి చేతిలో పెట్టి, తలవంచుకుని, "తప్పయింది సార్," అన్నాను. ఆయన అద్దాలు తుడుచుకుని, "తడవలేదే! శభాష్," అన్నారు. అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది.

బస్సుకు వేళయింది. చెప్పులు కొనే తీరిక కూడా లేదు. మర్నాడు పొద్దున ఉప్పల్‌లో ఉత్తకాళ్ళతో, మోకాళ్ళ దాకా ఎండిన బురదతో ఆటో ఎక్కాం. డ్రైవర్ మా కాళ్ళ వైపు భక్తిగా చూశాడు.

"కీసర గుట్టకు మొక్కా అన్నా? నడిసి వోయొచ్చిన్రా?"

"అవునన్నా," అన్నాను.

"ఏం మొక్కుకున్నవే?"

"నోరు తక్కువ జెయ్యమని," అన్నాడు యాదగిరి.

మూర్తి గారి ఆపరేషన్ బాగా జరిగింది. చూడటానికి దవాఖానాకు వెళితే, ఆయన నిద్రపోతున్నారు. దిండు పక్కన నోటు పుస్తకం ఉంది. ఆ రోజు పేజీ తిప్పాను. మొదటి వరుస: "కర్లూ. ఒకటి. ఇరవై అడుగులు. కూత విన్నాను. అలాగే ఉంది."

దాని కింద ఇంకో వరుస:

"పేరు తెలియని పెద్ద బురద పక్షి. రెండు. ఒకటి రెక్కలు పైకెత్తి గంటసేపు కదలకుండా నిలబడింది. కూయబోయి మానుకుంది. ఈ జాతిలో ఇది చాలా అరుదు. వలస. నాచారం నుంచి."

అందుచేత ఇందుమూలంగా సమస్తమైన వారికీ ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ పెద్దాయన మెడలోని దుర్భిణికీ చేయి చాపను. చేపలు ఆరబెట్టే ఏ తల్లికీ ఉప్పల్ పేరు చెప్పను. సముద్రాన్ని చెరువుతో పోల్చను, చెరువును కూడా చులకనగా చూడను. ఎక్కడికి వెళ్ళినా చెప్పులు విడవను. తప్పనిసరై విడవాల్సి వస్తే, చేతిలో పట్టుకుంటాను.