ఇగ్బో ఆడవాళ్ళ కథను నేను ఆపేసిన చోటు

ఇక్కడ రంగూన్‌లో కరెంటు పోయిన సాయంత్రాల్లో అత్తకీ, కింది అంతస్తు పిన్నికీ నేనొక నవల చెప్పేదాన్ని. ఇంగ్లీషు నవల, కాలేజీ స్నేహితురాలు ఫోనుకి పంపింది. ఆఫ్రికాలో ఇగ్బో అనే జనం, వాళ్ళ మీద తెల్లదొరల పెత్తనం, దానికి ఎదురు తిరిగిన ఆడవాళ్ళు. నేను చదివి తెలుగులో చెబుతుంటే అత్త నా కూతురికి విసనకర్రతో విసిరేది. లోపలి గదిలోంచి మా మరిది కూడా వినేవాడు. ఇరవై దాటినవాడు. బయట కనపడితే పట్టుకెళ్ళి సైన్యంలో వేస్తారన్న భయంతో నెలల తరబడి గడప దాటలేదు. వాడు మా దగ్గరున్న సంగతి పిన్నికి తప్ప బిల్డింగులో ఎవరికీ తెలియదు.

నవల మొదట్లో ఒకావిడ పామాయిలు తీస్తూ ఉంటుంది. దొరలు నియమించిన ఊరిపెద్ద తన మనిషిని ఒకణ్ణి పంపి, ఇంట్లో ఎంతమంది, మేకలెన్ని అని అడిగిస్తాడు. ఆవిడ నూనె చేతులతోనే ఆ వచ్చినవాడి మెడ పట్టుకుంటుంది.

"మరి పట్టుకోదేటి! ఎవులింట్లో ఎంతమంది తింతన్నారో ఆడికెందుకు?" అంది పిన్ని, ఆ మనిషి మా గుమ్మంలోనే నిలబడ్డట్టు.

తర్వాత ఆడవాళ్ళంతా ఆ పెద్ద ఇంటి ముందు చేరి, రోకళ్ళతో నేల దంచుతూ, అతని మీద పాటలు కట్టి పాడతారు. అత్త విసరడం ఆపేసింది.

"ఓలమ్మ, ఇయ్యి మన పెళ్ళిపాటలేనే! వియ్యంకుణ్ణి కూకోబెట్టి ఏడిపించడం నేదా?"

మా వైపు పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారిని ఏడిపించే పాటలకు అత్త పెట్టింది పేరు.

చివరికి ఆ పెద్ద, దొరలిచ్చిన తన అధికారపు టోపీ తీసి ఆడవాళ్ళ చేతిలో పెట్టాడు. అక్కడ ఆపి, అయిపోయిందన్నాను. నిజానికి తర్వాతి అధ్యాయంలో సిపాయిలు వస్తారు. ఆడవాళ్ళ మీద కాల్చరులే అనుకుని వాళ్ళు పాడుతూ ముందుకే నడుస్తారు. ఒళ్ళో పాప ఉంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ అసలు కారణం వేరు. ఆ ఇద్దరూ నవ్వుతున్నారు. మా ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది. దాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు.

అహ్లోన్ పేటలో మా బిల్డింగుకి నీళ్ళెక్కించే మోటారు తాళంచెవి నేల అంతస్తులో ఉండే ఒకాయన దగ్గర ఉంటుంది. తెలుగాయనే అయినా బర్మావాళ్ళలాగే అందరం లూజీ అంటాం, పెద్దమనిషి అని. కరెంటు వచ్చేదే కాసేపు, నీళ్ళు చాలడం లేదు, ఇంటింటికీ తలలు లెక్కపెట్టి వంతులు వేస్తానన్నాడు. చెడ్డవాడు కాదు. కానీ ఆ లెక్క ఆయన దగ్గరే ఆగుతుందని, సైన్యం చేతికి పోదని ఎవరికి నమ్మకం?

మర్నాడు మధ్యాహ్నం అత్త, పిన్ని, పై అంతస్తుల ఆడవాళ్ళు ఆయన గుమ్మం ముందు చతికిలబడ్డారు. నేను పాపనెత్తుకుని మెట్ల మీద నిలబడ్డాను. అత్త పాట ఎత్తుకుంది:

"మెళ్ళో తాళంచెవి ఏలాడతంది, ఎవులు కట్టేరు మావా నీకు? ఏ ఊరి పెళ్ళికూతురివి మావా?"

లూజీ భార్యే ముందు నవ్వింది. ఆయన గొణుక్కుంటూ వెళ్ళి మోటారు వేశాడు.

కొన్నాళ్ళు లెక్క మాట వినపడలేదు. ఆ తర్వాత, రేపు కాగితం పట్టుకుని వస్తానని మళ్ళీ కబురు పంపాడు.

"పాట సాల్లేదు. ఈ రాత్రి పళ్ళేలు అట్టుకెల్దాం," అంది అత్త. "ఆలకి రోకళ్ళు, మనకి పళ్ళేలు. టోపీ తియ్యక ఏటి సేత్తాడు?"

రంగూన్‌లో చీకటి పడ్డాక పళ్ళెం మోగితే నీళ్ళ గొడవనుకోరు. ఒకప్పుడు ఊరంతా రాత్రిపూట గిన్నెలు మోగించి సైన్యం మీద కోపం చెప్పుకుంది. ఆ చప్పుడు వెంట లారీ వచ్చి ఆగడం ఈ వీధిలోనే చూశాం. లారీ దిగినవాళ్ళు ఇంటింటికీ ఎక్కుతారు. లోపలి గదిలో మరిది ఉన్నాడు.

"అత్తా, ఆ కథ అక్కడ అయిపోలేదు," అన్నాను. తుపాకుల సంగతి, పడిపోయినవాళ్ళ సంగతి చెప్పాను.

పిన్ని చేతిలోని పళ్ళేన్ని చప్పుడు కాకుండా నేల మీద పెట్టింది.

"ఆడోలని కూడానా?"

"అవును పిన్నీ."

"మరి మొన్న మేం ఎల్లి కూకున్నప్పుడు సెప్పలేదేటే? అందుకేనా నువ్వు మెట్లు దిగనేదు?"

నేను ఆ పళ్ళేన్ని తీసి వంటింట్లో పెట్టేశాను.

ఆ రాత్రి ఎవరూ వెళ్ళలేదు. మర్నాడు లూజీ వచ్చి, "ఎంతమంది వొదినా?" అని అడిగాడు. అత్త తలెత్తకుండా, "నలుగురం," అంది. అత్త, మా ఆయన, నేను, పాప. ఆయన మూసి ఉన్న లోపలి తలుపు వైపు ఒకసారి చూసి, రాసుకుని వెళ్ళాడు. ఇప్పుడు మాకు నలుగురి నీళ్ళే వస్తాయి. అయిదోవాడి నీళ్ళు అత్త తన స్నానంలో తగ్గించుకుంటోంది.

మరిది క్షేమంగా ఉన్నాడు. నేను చేసింది సరైనదేనని పాప నిద్రపోయాక ఇలా కూర్చున్నప్పుడల్లా అనుకుంటాను, నమ్మకం కుదరదు. వాళ్ళు ధైర్యంగా వెళ్ళింది నేను సగం చెప్పిన కథ విని. మానుకున్నదీ నా మాట వినే. పిన్ని పైకి రావడం మానేసింది.

నిన్న బియ్యం ఏరుతూ అత్త అడిగింది: "కాల్సేక ఏటయ్యిందే? ఆడోలు ఇళ్ళకి ఎల్లిపోనారా?"

నవల్లో వాళ్ళు వెళ్ళిపోలేదు. చనిపోయినవాళ్ళను పూడ్చిపెట్టి, పక్క ఊళ్ళవాళ్ళను కూడా వెంటబెట్టుకుని, ముందుకంటే ఎక్కువమంది తిరిగి వచ్చారు. అత్త చేతులు చేటలో ఆగిపోయాయి. నా ముఖంలోకే చూస్తోంది.

"ఎల్లిపోనారత్తా," అన్నాను.